సీతాఫలాల అవ్వ

వినాయక చవితి దాటి నాలుగు వానలు పడితే, ప్రొద్దుటూరులో మా వీధి మొగదలకి తోపుడు బండి మీద సీతాఫలాలు వస్తాయి. ముగ్గిన పండు వాసన ముందు, బండివాడి కేక తర్వాత. తినేదాన్ని నేనొక్కదాన్నే, రెండు పండ్లు చాలు. అయినా సంచి నిండా కొంటాను, సగం చీమల పాలవుతాయని తెలిసీ. ఇల్లంతా ఆ వాసన నిండితే పులివెందులలో మా అవ్వ ఇల్లు గుర్తొస్తుంది.

అమ్మ నా పురుట్లోనే పోయింది. జమ్మలమడుగులో బడిపంతులైన నాన్న నన్ను తన తల్లి దగ్గర వదిలి, నెలకోసారి బస్సులో దుమ్ము కొట్టుకుని వచ్చేవాడు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిందని, కర్నూలు రాజధాని అయిందని ఆయన సంబరంగా చెప్పేవాడు గానీ, నా రాష్ట్రమూ రాజధానీ రెండూ అవ్వే. ఆ రోజుల్లో మా ఇళ్లలో భర్త పోయిన ఆడవాళ్లకు పగటిపూట ఒక్కసారే అన్నం, రాత్రికి ఫలహారం. ఫలహారమంటే కలిగినవాళ్లకు పాలు, అరటిపండ్లు. మా అవ్వకు మాత్రం కొండ ఏది ఇస్తే అది. అంకాలమ్మ అనే ఆమె కొండ మీదనుంచి గంపతో తెచ్చే సీతాఫలాలే కార్తీకం దాకా అవ్వకు రాత్రి భోజనం. అవి అయిపోయాక, ఒంటికి మంచిదని ఆ చెట్టు ఆకులే మరగబెట్టుకుని తాగేది. ఏళ్ల తరబడి అంతే.

కండ్లు విచ్చిన కాయలను ఏరి, కొర్రల కుండలో పూడ్చి మాగేసేది అవ్వ. తిన్న గింజలు కడిగి ఎండబెట్టి, కొన్ని నూరి నా తలలో పేలకు పట్టించేది. "కండ్లు తెరవాకు పాపా, గింజ విషం, చూపు పోతాది" అని గద్దించేది. మిగిలిన నల్లటి నున్నటి గింజలు మా వామనగుంటల ఆటకు. పీట మీద గుంటల్లో గింజలు పంచుతూ అవ్వ నిర్భయంగా తొండి చేసేది, "యాడ చూస్తాండావు పాపా, ఓడిపోతాండావు" అని బోసినోటితో భుజాలు ఊగేలా నవ్వేది. గింజ విషమని ఊరంతటికీ తెలుసు. గుజ్జును ఎవరూ అనుమానించలేదు. అంత తియ్యటిదాన్ని ఎవరు అనుమానిస్తారు?

ఒక ఏడు ఆ నవ్వు ఆగిపోయింది. నేను గెలిచినా ఓడినా అవ్వ ముఖం తుడిచిన పలకలాగే ఉండేది. రెప్ప వేయడం తగ్గింది, గొంతు సన్నబడింది, అడుగులు చిన్నవైపోయాయి. కుడిచేతి బొటనవేలు చూపుడువేలి మీద ఎప్పుడూ కదులుతూనే ఉండేది. ఊరు దాన్ని జపమనుకుంది. శుభకార్యాలకు ఎదురు రావద్దన్న వాళ్లే గడపలోకి వచ్చి కాళ్లకు మొక్కసాగారు. "మీయమ్మకు వైరాగ్యం కుదిరిందప్పా, శానా పుణ్యాత్మురాలు" అని ఎదురింటి పెద్దాయన అంటే, పాపం నాన్న కూడా పొంగిపోయాడు. మొగుడు పోయిన మనిషి నవ్వితే తప్పుపట్టే ఊరు, నవ్వు ఆగిపోతే దండం పెట్టింది. తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

నాకు మాత్రం అవ్వకు నా మీద ప్రేమ పోయిందనిపించింది. ఏం చేశానో తెలియదు. వామనగుంటల పీట ముందర కూర్చుని, ఇద్దరి ఆటా నేనే ఆడుకునేదాన్ని.

అవ్వ చేత వంట కావడం లేదని ఆమెను ఊళ్లోనే చిన్నాయన ఇంట్లో ఉంచి, నన్ను జమ్మలమడుగు తీసుకుపోవడానికి నాన్న వచ్చాడు. బయలుదేరే ముందు బుగ్గలు పూరించి చూపించాను, గంప నెత్తిన పెట్టుకున్న అంకాలమ్మలా నడిచాను. అవ్వ అలాగే చూసింది.

"అవ్వా, నామింద కోపమా? ఒక్కసారి నవ్వవ్వా!"

నవ్వలేదు. బస్సు వేళైందని నేను లేచి నిలబడబోతే నా పావడా అంచు అవ్వ పిడికిట్లో ఉంది. నాన్న ఒక్కొక్క వేలే విప్పాడు. "కోపం గాదు పాపా, చేతులు కొయ్యబారినాయి" అన్నాడు. ముద్దనూరు దాకా ఏడుస్తూనే ఉన్నాను. మళ్లీ సీతాఫలాలు వచ్చేలోగా అవ్వ పోయింది.

మొన్న మోకాళ్ల నొప్పికి పోయినప్పుడు డాక్టరమ్మకు ఇదంతా ఎందుకో చెప్పాను. "అది మెదడు జబ్బు మాదిరుందమ్మా. నవ్వు లోపలుంటాది, మొగందాకా రాదు" అంది. ఎక్కడో సముద్రంలో దీవుల్లో ఇలాంటి పండ్లు, ఆకుల కషాయం ఏళ్ల తరబడి తీసుకున్న వాళ్లలో ఇలాంటి జబ్బు కనబడిందట. పండులోని ఏదో పదార్థం మీద అనుమానమేగానీ, ఇంకా రుజువు కాలేదట. "ఎప్పుడో ఒక పండు తింటే ఏం గాదులే" అని కూడా అంది. పండు మీద నాకు కోపం లేదు. రాత్రిపూట ఒక ముద్ద అన్నం పెట్టని ఆచారం మీద ఉంది.

ఇప్పుడు సీతాఫలాలు ఏ తోటల నుంచో అట్టపెట్టెల్లో వస్తాయి. కొర్రల కుండ లేదు, వామనగుంటల పీట ఏమైందో తెలియదు, తొండి చేసి నన్ను ఓడించే మనిషీ లేదు.

ముఖం బిగుసుకున్నట్టే వేళ్లూ వాటంతటవే బిగుసుకుంటాయా అని డాక్టరమ్మను అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు. అవ్వ నా పావడా పట్టుకుంది.