బీడు మీద పిడికెడు మబ్బు

ఆ రోజుల్లో (మరీ పాతకాలమేమీ కాదు, ఫ్లెక్సీలు వచ్చి మా చేతిరాత బోర్డుల పొట్ట కొడుతున్న రోజులే) కల్లూరులో నాకంటే గొప్ప పెయింటర్ లేడని నాకు గట్టి నమ్మకం. కడపలో ఒక చిత్రప్రదర్శన చూసేదాకా ఆ నమ్మకం చెక్కుచెదరలేదు. అక్కడ ఒక పెద్దాయన గోడంతేసి కాన్వాసుల మీద మన బీడునేలలే వేసిపెట్టాడు. దగ్గరికెళ్తే ఎర్రటి మరకలు తప్ప ఏమీ లేవు. ఇంతేనా, ఇది నేనూ వేస్తాననుకుంటూ వెనక్కి నడిచాను. నడిచేకొద్దీ ఆ మరకలు బండలయ్యాయి, వంకలయ్యాయి, ఎండకు పగిలిన నేలయ్యాయి. నోరు తెరుచుకుని ఇంకా వెనక్కి నడిచి, ఎవరో ఒకామె కాలు తొక్కి తిట్లు తిన్నాను. ఆయన ఆకాశంలో ఒక్క మబ్బూ వేయడని మాత్రం బాగా గుర్తుపెట్టుకున్నాను. ఆ రోజు నుంచి ఆయన నాకు బీళ్ళ సారు, నేను ఆయనకు తెలియని శిష్యుణ్ణి.

సరిగ్గా అప్పుడే మా మేనమామ పెండ్లిళ్ళ హాలు కట్టించి, భోజనాల గదిలో పెద్దగోడ నాకు అప్పగించాడు. అన్ని హాళ్ళలో లాగే జలపాతం, హంసలు, జింకపిల్ల వేస్తానని ఆయన ఉద్దేశం. నేను తలుపులు వేసుకుని పదిహేను రోజులు గోడ నిండా బీడు వేశాను. చెట్టు లేదు, పిట్ట లేదు, మబ్బు లేదు. అంత పెద్ద బొమ్మ వేయడం జీవితంలో అదే మొదలు. మామ వచ్చి చాలాసేపు చూశాడు.

"ఏమల్లుడా, పెండ్లికొచ్చినోళ్ళు పప్పన్నం తింటా ఈ బీడు సూడాల్నా? బయటికి పోతే అదే కదా కనపడేది" అని, మరునాడే సున్నం కొట్టిస్తానన్నాడు.

నాకు ఏడుపొచ్చింది (ఇరవై మూడేళ్ళవాణ్ణి, అయినా వచ్చింది). కాపాడింది మా అత్త. గోడ ముందు నిలబడి కొంగుతో మెడ తుడుచుకుంటూ, "శానా బాగుండాది నాయనా. సూస్తాంటేనే దప్పికైతాంది. ఒక్క మబ్బన్నా పెట్టు" అంది. మబ్బు పెడితే బొమ్మ చచ్చిపోతుందని ఆమెకు ఉపన్యాసం దంచాను. ఆమె ఓపిగ్గా విని, మబ్బు పెడితే సున్నం ఆపించే పూచీ తనదంది. పళ్ళు నూరుకుంటూ ఒక మూల పిడికెడు నల్లమబ్బు వేశాను.

ఆ హాల్లో మొదటి పెండ్లికే, పెండ్లికూతురి తరఫున బీళ్ళ సారు వచ్చాడు. నేను సాంబారు బకెట్టు లాక్కుని ఆయన ఆకులో మూడుసార్లు పోశాను. ఆయన తినడం ఆపి, కుర్చీ వెనక్కి జరుపుకుంటూ వెనక వరుసకు తగిలేదాకా పోయి, గోడను చూశాడు. ఎవరు వేశారని అడిగితే మామ భయంభయంగా నన్ను చూపించాడు. నా గుండె బకెట్టులో పడింది.

"నేల నాది, బండలు నావి" అని నవ్వాడాయన. "మబ్బు ఒక్కటే నీదప్పా. దాన్ని ఇడ్సిపెట్టొద్దు."

నేను సిగ్గులేకుండా తలూపాను. పక్కనే ఓలిగలు వడ్డిస్తున్న అత్త, ఆయన ఆకులో ఇంకొకటి వేసింది. ఆ మధ్యాహ్నం నుంచే మామ, బీడు వేయమన్నది తానేనని ఊరంతా చెప్పుకున్నాడు.

ఇప్పుడు నా బొమ్మలూ గోడంతేసి ఉంటాయి. ప్రతిదాంట్లో ఎక్కడో ఒక మబ్బు ఉంటుంది, అదే నా గుర్తంటారు. ఆనాడు తలూపిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త సిగ్గూ వేస్తుంది. మొన్న కొత్త బొమ్మ చూపించడానికి అత్తను పిలిచి, ఆమె మాట సారుకు చెప్పకుండా మింగేశానని ఒప్పుకున్నాను. ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది.

"నువ్వేసినావు, నీదేలే నాయనా. దప్పిక ఒగటే నాది" అంది.