అడగని సైటేషన్లు

మా హెచ్‌వోడీ సార్ స్టాఫ్ రూంలోకి నవ్వుతూ వచ్చి నా బల్ల మీద తన ఫోన్ పెట్టారు.

"ఏమ్మా, నీ పేపర్ సంగతి చూసినవా? సైటేషన్లు ఎట్ల పెరిగినయో చూడు."

ఖమ్మంలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో నేను అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను. బూర్గంపాడు దగ్గర మా చిన్నాయన మిరప చేలో మట్టి తేమను కొలిచే సెన్సర్లు పాతి, వాటి మీద ఒక పేపర్ రాశాను. ఎండకు నల్లరేగడి నేల పగిలితే సెన్సర్ చుట్టూ గాలి చేరి అది తప్పుడు లెక్క చూపిస్తుంది. ఆ తప్పును సరిదిద్దే పద్ధతి గురించి రాసిన మామూలు పేపరది. దాని మీద నా పేరూ, సార్ పేరూ ఉన్నాయి. సెన్సర్ల మీద వచ్చే ఒక పేరున్న జర్నల్‌లో అచ్చయింది. ఆ జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఏటా పెరుగుతోందని, అంటే అందులో వచ్చే పేపర్లను ప్రపంచంలో చాలామంది తమ రాతల్లో ప్రస్తావిస్తున్నారని, సారే దాన్ని ఎంచి పంపించారు. నా పీహెచ్‌డీకి అలాంటి జర్నల్‌లో ఒక్క పేపరైనా ఉండాలి.

చాలా రోజులు నా పేపర్‌ను ఎవరూ ప్రస్తావించలేదు. ఇప్పుడు ఒక్కసారిగా ఇన్ని సైటేషన్లు. వారం తిరక్కుండానే కాలేజీ గేటు దగ్గర నా ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. ఆటోవాళ్లు కూడా గుర్తుపట్టి పలకరించారు. నాకూ సంతోషంగానే ఉంది.

నా పేపర్ గురించి ఎవరేం రాశారో చదవాలనిపించి ఒక మధ్యాహ్నం లైబ్రరీలో కూర్చున్నాను. మొదట తెరిచింది పంటి చిగుళ్ల వ్యాధి మీద పేపర్. దాని మధ్యలో, సంబంధం లేకుండా, నేలలో తేమ ముఖ్యమని ఒక వాక్యం, పక్కన నా పేపర్ నంబరు. రెండోది బ్యాంకు ఖాతాదారుల నమ్మకం మీద. మూడోది ముఖాలను గుర్తుపట్టే కెమెరాల మీద. అన్నింట్లోనూ అదే వాక్యం, ఒక్క అక్షరం తేడా లేకుండా. నా పేపర్‌ను ఎవరూ చదవలేదు. ఎవరో కావాలని తెచ్చి అక్కడ పెట్టారు. చూసేవాళ్లకు మాత్రం నేనే పెట్టించుకున్నట్టు కనిపిస్తుంది.

ఆ శనివారం సెన్సర్ల బ్యాటరీలు మార్చడానికి భద్రాచలం బస్సెక్కాను. పాల్వంచ దాటాక ఫోన్ మోగింది. తెలియని నంబరు, మర్యాదైన గొంతు.

"మేడమ్, మీ సైటేషన్లు బాగా పెరిగాయి కదా. అది మా టీమ్ పనే."

"మీరెవరు?"

"మీలాంటి వాళ్లను మా సర్కిల్‌లోకి తీసుకుంటాం మేడమ్. డబ్బులేమీ వద్దు. మీ తర్వాతి పేపర్లో మేం పంపినవాటిని రిఫరెన్సుల్లో పెడితే చాలు."

"నేను మిమ్మల్ని ఏమీ అడగలేదు."

"అడగలేదు. కానీ లాభం మీకే వచ్చింది. రేపు ఎవరైనా ఎంక్వైరీ చేస్తే, అడగలేదని ఎలా చూపిస్తారు? మీ ప్రిన్సిపాల్ గారి మెయిల్ ఐడీ మా దగ్గర ఉంది. ఒకవేళ మేం..."

అడవిలో సిగ్నల్ పోయింది. బస్సు చెట్ల మధ్య నుంచి పోతూనే ఉంది. ఆ సగం మాటకు మిగతా సగం నేనే రకరకాలుగా ఊహించుకున్నాను. ఉద్యోగం పోతుంది, గేటు దగ్గరి ఫొటో చూసి జనం నవ్వుతారు, పీహెచ్‌డీ ఆగిపోతుంది. ఎక్కడ దిగాలో మరిచిపోతే కండక్టరే పిలిచి చెప్పాడు.

చేలో స్క్రూ తిప్పుతుంటే అది జారి నెర్రెలో పడిపోయింది.

"ఏందమ్మా, మొఖం గట్ల పెట్టినవ్? జరమొచ్చిందా?" అన్నాడు చిన్నాయన.

"ఫోన్‌ల ఒకడు బెదిరిస్తుండు చిన్నాయనా."

"నంబర్ మార్చెయ్. గదే పని."

నంబర్ మారిస్తే పోయే భయం కాదని ఆయనకు ఎట్లా చెప్పాలో తెలియలేదు. తలూపి, నెర్రెలో వేలు పెట్టి స్క్రూ కోసం వెతుక్కున్నాను.

సోమవారం సార్‌కు అంతా చెప్పాను. ఆయన తలుపు దగ్గరికి వేశారు.

"ఎవరికీ చెప్పకు. కాలేజీకి గ్రేడిచ్చే అక్రిడిటేషన్ టీమ్ వచ్చే టైమిది. పేపర్ మీద నా పేరు గూడ ఉంది."

తలుపు సరిగా పడిందో లేదో మళ్లీ వెళ్లి చూసొచ్చారు. అది చూశాక నాకు భయం రెట్టింపయింది.

మా ఆయన సత్తుపల్లి బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్. ఆదివారం ఇంటికొచ్చి, నేను ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడటం చూసి ఏమైందని అడిగాడు. చెప్పాను. నా ఫోన్ తీసుకుని ఆ నంబరు చూశాడు.

"వాడు చెప్పకముందే నువ్వే చెప్పు," అన్నాడు. "జాబ్ పోతే పోనీ అనను. నాకూ భయమైతుంది. కానీ నువ్వు గిట్ల ఉంటే చూడలేకపోతున్న."

ఆ సాయంత్రం అతను పక్కన కూర్చుంటే జర్నల్ ఎడిటర్‌కు మెయిల్ రాశాను. చూసిన పేపర్లు, వచ్చిన ఫోన్, అన్నీ. ప్రిన్సిపాల్‌కూ సార్‌కూ కాపీ పెట్టాను. పంపాక ఫోన్ ఆపేసి వెళ్లి పడుకున్నాను.

మర్నాడు ప్రిన్సిపాల్ పిలిచి, నన్ను నిలబెట్టే అడిగినవే మళ్లీ అడిగారు. ఏమీ తేల్చలేదు. మరుసటి రోజుకు ఫ్లెక్సీ లేదు. ఎడిటర్ నుంచి జవాబొచ్చింది: ఇలాంటి ఫిర్యాదులు ఇంకా ఉన్నాయనీ, విచారణ నడుస్తోందనీ. కొన్ని నెలలకు, దొంగ సైటేషన్లు బయటపడి, ఆ జర్నల్‌కు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఇవ్వడమే ఆపేశారు. మా యూనివర్సిటీ కమిటీ నా పేపర్‌ను పీహెచ్‌డీ లెక్కలోకి తీసుకోబోమని చెప్పింది. ఉద్యోగం మాత్రం ఉంది.

ఆ బెదిరించినవాడు మళ్లీ ఒక్కసారే ఫోన్ చేశాడు.

"అందరికీ నేనే చెప్పేసిన," అన్నాను.

"మీ ఇష్టం మేడమ్. మీ సార్ అయితే మాతో బాగానే ఉన్నారు," అని పెట్టేశాడు.

అది నిజమో, పోతూ పోతూ విసిరిన అబద్ధమో నాకు ఈనాటికీ తెలియదు. సార్ నా ఎదురు బల్ల దగ్గరే కూర్చుంటారు. ఆయన ఫోన్ మోగి, లేచి వరండాలోకి వెళ్లి మాట్లాడితే నా చెవులు అటే ఉంటాయి. అడగడానికి రెండుసార్లు లేచి, మళ్లీ కూర్చున్నాను. నిజమంటే ఆ గదిలో ఎట్లా ఉండాలి? కాదంటే, అట్లా అడిగినందుకు ఆయన ముఖం ఎట్లా చూడాలి?

రెండో పంట లెక్కలతో కొత్త పేపర్ రాశాను. అలాంటివాళ్ల కన్ను పడదని, ఎక్కువమంది చూడని చిన్న జర్నల్‌కు పంపాలనుకున్నాను. సార్ పేరు పెట్టకుండా పంపడమెట్లా అని రోజుల తరబడి మథనపడి, చివరికి పేపర్ ప్రింటు పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాను. నోరు తెరవకముందే ఆయన కిటికీ వైపు చూస్తూ అన్నారు.

"దాని మీద నా పేరు వద్దులేమ్మా. పంపుకో."

సరే సార్ అని, కారణం అడగకుండా బయటికొచ్చేశాను. నా ఒక్క పేరుతోనే పంపాను. ఆ జర్నల్ వాళ్లు తీసుకున్నారు.