పంచదార ఫ్యాక్టరీ జట్టు కోసం ప్రార్థన

ఆ రోజుల్లో నాకు అడ్రసంటూ ఉండేది కాదు, జెర్సీ మాత్రం ఉండేది. పదేళ్ళపాటు బాస్కెట్‌బాల్ ఆడి పొట్టపోసుకున్నానంటే ఇప్పటివాళ్ళు నన్నేదో పెద్ద ఆటగాడనుకుని వెంటనే ఫోన్లో నా ఫొటో కోసం వెతుకుతారు (దొరకదు, శ్రమపడకండి). పెద్ద ఆటగాళ్ళు ఒక జట్టుకి ఆడతారు. నాలాంటివాళ్ళు ఏ జట్టులో పొడుగువాడికి జ్వరమొస్తే ఆ జట్టుకి ఆడతారు. ఒక సీజను పంచదార ఫ్యాక్టరీ జట్టు, ఇంకో సీజను ఏదో కాలేజీవాళ్ళు పెట్టిన క్లబ్బు, ఒక వేసవంతా ఒడిశాలో పేరు కూడా సరిగ్గా పలకలేని ఊళ్ళు. రైల్లో పై బెర్తు మీద పడుకుని, కాళ్ళు నడవలోకి చాపి, వచ్చేపోయేవాళ్ళ తలలకి తగిలించి తిట్లు తింటూ తిరిగాను. మా చీపురుపల్లిలో నన్ను ‘నిచ్చెన’ అనేవారు. క్రిస్మస్‌కి చర్చి మీద నక్షత్రం కట్టాలన్నా, ఎవరింట్లో బల్బు మాడిపోయినా నాకే కబురొచ్చేది. నా ఎత్తుకి అప్పటిదాకా దొరికిన పర్మనెంటు ఉద్యోగం అదొక్కటే.

మా అమ్మ బడిలో మధ్యాహ్న భోజనం వండేది. ఆట గురించి ఆమెకి తెలిసిందల్లా తన కొడుకు పరుగెత్తుతాడనీ, మోకాలికి నూనె రాయాలనీ. అయితే మా బాప్టిస్టు చర్చిలో గుమ్మం దగ్గర ఒక ప్రార్థన విన్నపాల పెట్టె ఉండేది. జబ్బులు, పరీక్షలు, పెళ్ళి సంబంధాలు, ఎవరి బాధ వాళ్ళు చీటీ మీద రాసి అందులో వేస్తే అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఆదివారం ఆరాధనలో పైకి చదివేవారు. సంఘమంతా ఆమెన్ అనేది. అమ్మ ప్రతివారం క్యాలెండరు కాగితం వెనకాల నా జట్టు పేరు రాసి వేసేది. చిక్కల్లా ఏమిటంటే, నేను జట్లు మారినంత వేగంగా అమ్మ చీటీలు మారేవి కావు. నేను ఫోన్ చేసి కొత్త జట్టు పేరు చెబితే “అలగే నాయినా” అనేది, అన్నం తిన్నావా అని అడిగేది, ఆ గొడవలో పేరు మరిచిపోయేది. నేను వదిలేసిన జట్లన్నీ నేను అటు వెళ్ళగానే ఎందుకు గెలుస్తున్నాయో నాకు చాలాకాలం అంతుపట్టలేదు.

అంతుపట్టిన రోజు బాగా గుర్తుంది. 2015 ప్రాంతం. అప్పుడు కరెంటాఫీసు జట్టులో కాంట్రాక్టు మీద ఆడుతున్నాను. మేనేజరు సారు నన్ను పక్కకి పిలిచి, “శనివారం విజయనగరంలో సెమీఫైనల్. అది గెలిపించు, పర్మనెంటు పోస్టుకి నీ పేరు నేనే రాస్తాను” అన్నారు. నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. మెట్లు దిగుతుంటే కుడి మోకాలు చప్పుడు చేసేది. ఇంకో ఏడాది దాటితే నన్ను ఎవరూ పిలవరని నాకు తెలుసు. ఆ ఉద్యోగమొస్తే ఒకచోట ఉండొచ్చు, అమ్మని వంట మాన్పించొచ్చు. ఆ సంబరంలో ఆదివారం ఇంటికొచ్చి, అమ్మ పక్కన బుద్ధిగా చర్చిలో కూర్చున్నాను. అయ్యగారు కళ్ళద్దాలు సర్దుకుని చీటీ విప్పారు. “మన సంఘం బిడ్డ ఆడుతున్న పంచదార ఫ్యాక్టరీ జట్టువారికి ఈ శనివారం ఘనవిజయం కలగాలని...” అన్నారు. సంఘమంతా ఆమెన్ అంది. అలవాటుగా నేను కూడా అన్నాను.

శనివారం మేము ఆడాల్సింది సరిగ్గా ఆ పంచదార ఫ్యాక్టరీ జట్టుతోనే. నేను వాళ్ళని వదిలి ఎనిమిది నెలలైంది.

“అమ్మా, వాళ్ళు నా మీద ఆడేవాళ్ళే!” అన్నాను ఆమె చెవిలో.

“మరి ముందర సెప్పొద్దేటి? రాసీసినాను గదా! వచ్చే ఆదివారం మార్సుతాను, ఊరుకో.”

“వచ్చే ఆదివారానికి ఆటైపోతుందమ్మా.”

వెనక బెంచీలోంచి చిన్నమ్మ ముందుకు వంగింది. మా అమ్మకి చెల్లెలు, స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు, గొంతుకి మైకు అక్కర్లేని మనిషి. “నువ్వేటీ బెంగెట్టుకోకురా. రేపట్నుంచీ ఆ జట్టు కోసం గొలుసు ప్రార్థన పెట్టీసినాం. గంటకొకలం. రేత్రీ పగలూ ఆగదు” అంది భరోసాగా.

ఆరాధన అయ్యాక అయ్యగారి దగ్గరికి పరుగెత్తి సంగతి చెప్పుకున్నాను. ఆయన గడ్డం నిమురుకున్నారు. “అదే పేరుతో నెలల తరబడి ప్రార్థించాం బాబూ. పైకి వెళ్ళిపోయిందాన్ని వెనక్కి రప్పించడం నాకెవరూ నేర్పలేదు. నువ్వు మాత్రం బాగా ప్రాక్టీసు చెయ్యి” అన్నారు.

శనివారం మధ్యాహ్నం స్త్రీల సమాజం రెండు ఆటోల్లో, పులిహోర డబ్బాలతో విజయనగరం దిగింది. నేను కనబడగానే అందరూ ఒకేసారి చేతులూపారు. మా జట్టువాళ్ళు పెళ్ళివారనుకున్నారు. ఆ రోజు నిజంగానే బాగా ఆడాను. చివరికి నాలుగు సెకన్లు మిగిలాయి, మేము ఒక్క పాయింటు వెనక. నన్ను తోసేసినందుకు రిఫరీ రెండు ఫ్రీ త్రోలు ఇచ్చాడు. అంటే ఎవరూ అడ్డురారు, గీత మీద నిలబడి తీరిగ్గా బుట్టలో వెయ్యడమే. రెండూ వేస్తే గెలుపు, ఉద్యోగం. బంతి చేతిలోకి తీసుకుని ఒక్కసారి అటు చూశాను. స్త్రీల సమాజం మొత్తం ముసుగులు వేసుకుని, తలలు వంచి, కళ్ళు గట్టిగా మూసుకుని ప్రార్థన చేస్తోంది. ఎవరి కోసమో అడగడానికి టైము లేదు. నాకు నవ్వొచ్చింది. మొదటి బంతి రింగు అంచుకి తగిలి బయటపడింది. రెండోది రింగుని కూడా తాకలేదు.

పంచదారవాళ్ళు గెంతుతున్నారు. అమ్మ కోర్టులోకి వచ్చేసి, “గెలిసినారేటిరా?” అంది. “వాళ్ళే గెలిచారమ్మా, నువ్వు రాసినవాళ్ళే” అన్నాను. ఏడిపిద్దామని కాదు, నోరు జారింది. అమ్మ ముఖం చూడలేకపోయాను. “నా సేతుల్తో నానే రాసినాను గదరా” అంటూ అక్కడే కూలబడింది. ఆరడుగుల నాలుగంగుళాల నేను ఆమె పక్కన నేల మీద కూర్చుని, పులిహోర తింటూ, ఏం పర్లేదమ్మా అంటూనే ఉన్నాను.

పర్మనెంటు రాలేదు. ఇంకో రెండేళ్ళు అక్కడా ఇక్కడా ఆడి, మోకాలు మొరాయించాక మా ఊరి దగ్గరే ఒక బడిలో పీటీ మాస్టారుగా కుదురుకున్నాను. ఎవరైనా ఇంటికొచ్చి, అంత ఆడావు, ఉద్యోగం ఎందుకు రాలేదయ్యా అని అడిగితే నేను నోరు తెరిచేలోపే వంటింట్లోంచి అమ్మ గొంతు వినబడేది. “తప్పు నాది బాబూ! సీటీలో జట్టు పేరు మార్సలేదు. ఆడు బాగానే ఆడినాడు.” నేను తల ఊపేవాణ్ణి. నవ్వొచ్చి గురి తప్పిందని స్నేహితులకి చెప్పుకునేవాణ్ణి. కొన్నాళ్ళకి నేనే నమ్మేశాను.

మొన్న మొన్నటి దాకా అలాగే సాగింది. ఒక సాయంత్రం అమ్మ నా మోకాలికి నూనె రాస్తుంటే మనసాగక చెప్పేశాను. “అమ్మా, నీ చీటీ వల్ల కాదు. నాకు నవ్వూ రాలేదు. ఉద్యోగం గుర్తొచ్చి భయమేసింది. చెయ్యి వణికింది.”

అమ్మ నూనె రాయడం ఆపలేదు. “తెల్సురా. అందరూ కళ్ళు మూసుకున్నారు గానీ నాను మూసుకోలేదు. నీ సెయ్యొణకడం సూసినాను.”

“మరి ఇన్నేళ్ళూ తప్పు నీదని ఊరంతా ఎందుకు చెప్పావు?”

“నలుగురిలో నువ్వు తల దించుకుంటే నాను సూడలేనురా” అంది. “ఆ రెండో కాలు ఇలగ సాపు.”

అంత భయపడిన ఆ ఇరవై తొమ్మిదేళ్ళవాడు గుర్తొచ్చి, ఇన్నాళ్ళకి నాకు నిజంగానే నవ్వొచ్చింది. రెండో కాలు చాపాను.