ఫోటోల్లో లేనివాళ్ళ గురించి అడిగిన మనిషి

మీరు అబద్ధం రాశారు. డాక్టరు దగ్గర ఇచ్చిన ఫారంలో "మీ కుటుంబంలో ఎవరికైనా మానసిక వ్యాధి ఉందా?" అన్న ప్రశ్న పక్కన, క్షణమైనా ఆలోచించకుండా "లేదు" అని టిక్కు పెట్టారు. అమ్మాయి పెళ్ళి గుర్తొచ్చో, పరువు గుర్తొచ్చో, ఊరికే అలవాటుకొద్దీనో. నేనూ పెట్టించాను. అందుకే మిమ్మల్ని తిట్టే హక్కు నాకుంది. మనవాళ్ళు రాసే ఆ "లేదు"ని ఒక్కనాడూ నమ్మని మనిషి మొన్న మంగళవారం మధ్యాహ్నం కన్నుమూసింది. ఆవిడ చికిత్స కోసం ప్రభుత్వాన్ని అడిగిన అనుమతి శుక్రవారం వచ్చింది.

ఆవిడ్ని మేమంతా నర్సు ఆంటీ అనేవాళ్ళం. కెనడాలో, వాంకూవర్ పక్కనున్న బర్నబీలో మా అపార్ట్‌మెంట్‌కి సరిగ్గా పైన ఉండేది. గుంటూరు నుంచి ఎప్పుడో వచ్చి, మానసిక రోగుల వార్డుల్లో పనిచేసి రిటైరైంది. తర్వాత ఒక పరిశోధనలో చేరింది. కొన్ని రకాల పుట్టగొడుగుల్లో సైలోసైబిన్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని కొలిచి ఇచ్చి, తగ్గని డిప్రెషన్‌ని తగ్గించవచ్చునా అని చూసే పరిశోధన అది. మందు వేసుకున్న మనిషి కళ్ళకు నల్లపట్టీ కట్టుకుని పడుకుంటే, పక్కన కుర్చీలో ఆరేడు గంటలు కూర్చోవడం ఆంటీ పని.

ఆ పనికి వెళ్ళే రోజు గాజులు తీసేసేది. తలకు నూనె, ఒంటికి సెంటు ఉండేవి కావు. "ఆ గదిలో గాజు చప్పుడైనా వాళ్ళకి గుళ్ళో గంట కొట్టినట్టుంటుందమ్మాయ్," అనేది. ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చేసింది. ఆవిడ నడిస్తే మా సీలింగు పలికేది కాదు. పార్టీల్లో ఎవరితోనో మాట్లాడుతూ వెనక్కి తిరిగితే నిలబడి ఉండేది. కళ్ళలోకి చూసేది కాదు, మెడ కింద గుంట వైపు చూసేది. మన ఊపిరిని చూస్తోందని తెలిశాక చాలామంది ఆవిడ పక్కన కూర్చోవడం మానేశారు.

మా తమ్ముడు విండ్సర్‌లో చదువు ముగించి, ఈ దేశంలోనే స్థిరపడేందుకు పీఆర్‌కి అప్లై చేసి, అక్కడ ఒంటరిగా ఉండలేక నా దగ్గరకొచ్చాడు. మంచం దిగేవాడు కాదు. రెండు రకాల మందులు వాడినా లాభం లేకపోయింది. ఆ పరిశోధనకి పేరు ఇద్దామని ఇద్దరం ఫారం నింపుతుంటే, గిన్నె తిరిగివ్వడానికి ఆంటీ కిందికొచ్చింది. టిక్కుల వరస చూసింది.

"మీ ఇంట్లో పెళ్ళి ఫోటోల్లో లేనివాళ్ళెవరు?" అంది.

తమ్ముడు చాలా రోజుల తర్వాత నవ్వాడు. "చిన్న మామయ్య లేడు కదక్కా, అమ్మ పెళ్ళి ఆల్బమ్‌లో?"

"ఆయన భిలాయ్‌లో జాబ్ చేసేవాడురా," అన్నాను.

"ఏం జాబు?" అంది ఆంటీ.

మాకు తెలియదు. నలభై ఏళ్ళుగా మా ఇంట్లో ఎవరూ అడగలేదు. అక్కడే నిలబడి అమ్మకి ఫోన్ చేయించింది.  "ఆ సంగతి ఇప్పుడెందుకే?" అంది అమ్మ ముందు. తర్వాత చెప్పింది. మామయ్య ఏ ఊరూ వెళ్ళలేదు. పెరటి గదిలో ఉండేవాడు. ఎవరూ లేని వైపు తిరిగి మాట్లాడేవాడు. ఇరవయ్యారేళ్ళకి ఆ గదిలోనే పోయాడు.

దగ్గరి రక్తసంబంధంలో అలాంటి జబ్బు ఉంటే ఈ మందు ఇవ్వకూడదు, మనిషిని అటువైపు నెట్టేయవచ్చు అన్నది ఆ పరిశోధన నియమం. తమ్ముణ్ణి తీసుకోలేదు.

నేను మెట్లెక్కి వెళ్ళి ఆంటీ మీద అరిచాను. పత్రికలో కాలమ్ రాస్తూ జీవితమంతా నిషేధాల మీద పోట్లాడిన దాన్ని కదా. "మీరు కాపలా కుక్కల్లా తయారయ్యారు ఆంటీ! డబ్బున్నవాడు ఏ దేశమో ఎగిరిపోయి తీసుకుంటాడు. మావాడు ఇక్కడ కుళ్ళిపోవాలా?"

"అరువమ్మా, బాగా అరువు. కాలమ్ కూడా రాయి. వాడి చేతికి మాత్రం ఇవ్వకు," అంది. "మందు తలుపు తీస్తుంది. లోపలెవరున్నారో ముందే కనుక్కోవద్దూ?"

నేను ఇచ్చాను. వాంకూవర్‌లో ఒక దుకాణంలో పట్టపగలు కొన్నాను. కౌంటరు దగ్గరి మనిషి నన్ను అడిగింది ఒకే ఒక ప్రశ్న. మిల్క్ చాక్లెట్టా, డార్కా?

అది అడవులు తగలబడుతున్న ఆగస్టు. మధ్యాహ్నం పన్నెండింటికి సూర్యుడు ఎర్రటి బిళ్ళలా ఉన్నాడు. కిటికీలన్నీ మూసినా ఇంట్లో పొగ వాసన, గోడల మీద నారింజరంగు వెలుగు. ఆ పుట్టగొడుగులు కలిపిన చాక్లెట్ తిన్న గంటకి తమ్ముడు ఏడ్చాడు. రెండు గంటలకి ఏడుపు ఆపి, డైనింగ్ టేబుల్ దగ్గరి ఖాళీ కుర్చీ వైపు తిరిగాడు.

"అక్కా, ఆయనకి మంచినీళ్ళివ్వు."

"ఎవరికిరా?"

"కుడి మణికట్టుకి గుడ్డ కట్టుకున్నాడు చూడు. ఒరుసుకుపోతోందంట."

నేను హేతువాదిని. మామయ్యని తాడుతో కట్టేవారనీ, ఒరుసుకోకుండా అమ్మమ్మ గుడ్డ చుట్టేదనీ అమ్మ నాకు చెప్పింది ఆ తర్వాత నెలకి. చిన్నప్పుడు పెద్దవాళ్ళ గుసగుసలు వాడి చెవిన పడి ఉంటాయని నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పటికీ చెప్పుకుంటూనే ఉన్నాను.

ఫోన్ చేస్తే ఆంటీ ఒట్టికాళ్ళతో దిగొచ్చింది. గాజులు లేవు. గది చూసింది. ఆ కుర్చీ చుట్టూ తిరిగి వెళ్ళి నేల మీద కూర్చుంది.

"అక్కడ నిజంగా ఎవరైనా ఉన్నారా ఆంటీ?" అన్నాను. 

"ఎవరున్నారో నాకక్కర్లేదు. వాడి ఊపిరి చూడు."

"మరి కుర్చీలో కూర్చోలేదే?"

"వాడికి అది ఖాళీగా లేదుగా."

ఆరు గంటలు గడిచాయి, ఎనిమిది గడిచాయి. తమ్ముడు కుర్చీతో మాట్లాడుతూనే ఉన్నాడు, మధ్యలో జవాబు కోసం ఆగుతూ. "ఇక ఇది మందు పని కాదు. ఆంబులెన్స్‌కి ఫోన్ చెయ్," అంది ఆంటీ.

"వాడి పీఆర్ ఫైల్ నడుస్తోంది ఆంటీ. ఫుడ్ పాయిజనింగ్ అందాం."

ఆవిడ నన్ను చూసిన చూపు మీలో ఏ ఒక్కరికీ తగలకూడదు. ఫోన్ తనే తీసుకుంది. ఏం తిన్నాడో, ఎంత తిన్నాడో, ఎన్నింటికి తిన్నాడో, మేనమామకి ఏముండేదో, అన్నీ వరసగా చెప్పింది. పెట్టేశాక, "నువ్వు పరువు కోసం దాస్తే, వాళ్ళు తప్పు మందిస్తే వాడేం కావాలి?" అంది.

తమ్ముడు నెలరోజులు వార్డులో ఉన్నాడు. ఆంటీ రోజూ వెళ్ళి కూర్చుంది. వాడికి అసలు జబ్బేమిటో తెలిసి, దానికి సరైన మందు దొరికింది. పీఆర్ కూడా వచ్చింది. ఇప్పుడు ఉద్యోగానికి వెళ్తున్నాడు, నాతో పోట్లాడుతున్నాడు. ఆవిడ అడిగిన ఒక్క ప్రశ్న నేను లక్ష్యపెట్టి ఉంటే ఆ నెల వాడి జీవితంలో ఉండేదే కాదు.

కిందటేడు ఆంటీకి కాలేయంలో క్యాన్సరని తేలింది. "భయంగా ఉందే అమ్మాయ్," అంది ఒకరోజు, కూర తరుగుతూ. "అంతమంది పక్కన కూర్చున్నాను. వాళ్ళు చూసొచ్చింది నేనొక్కసారీ చూళ్ళేదు." చావు భయంతో ఉన్నవాళ్ళకి ఈ మందు ఇవ్వడానికి ప్రత్యేక అనుమతి అడగవచ్చు. డాక్టరు అర్జీ పెట్టింది. ఫారం నింపే ముందు ఆంటీ గుంటూరుకీ తెనాలికీ ఫోన్లు చేసి, ముసలి చుట్టాలందరినీ నిలదీసి, అప్పుడు "లేదు" అని టిక్కు పెట్టింది. మన జాతిలో ఆ టిక్కు నిజాయితీగా పెట్టిన మనిషిని నేను ఆవిడ్నొక్కదాన్నే చూశాను.

ఏ కాగితం ఎక్కడ ఆగిందో నాకు తెలియదు. నన్నేమీ అడగకుండా అమ్మిన దుకాణం తెరిచే ఉంది. అన్నీ తెలిసి, అన్నీ చెప్పి, చేతులు జోడించి అడిగిన మనిషి ఎదురుచూస్తూ పోయింది.

మంగళవారం నేను పక్కనే ఉన్నాను. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతోంది. రెండున్నరప్పుడు కళ్ళు తెరిచి నా భుజం మీదుగా చూసింది. తర్వాత దుప్పటి కింద కాళ్ళు మెల్లగా పక్కకి జరుపుకుంది, ఎవరో కూర్చోవడానికి మంచం మీద చోటిస్తున్నట్టు.

ఇక నా డిమాండ్లు.

చావు దగ్గరపడినవాళ్ళ అర్జీలకి రోజుల్లో జవాబివ్వాలి, నెలల్లో కాదు.

ఈ మందు డాక్టరు చూసి, కొలిచి, శిక్షణ ఉన్న మనిషి పక్కనుండగా ఇవ్వాలి. ఆ ఖర్చు ప్రభుత్వం భరించాలి.

ఏమీ అడగకుండా అమ్మే దుకాణాలు మూయాలి. తిన్నవాళ్ళ మీద మాత్రం కేసు పెట్టకూడదు.

ఆంబులెన్స్ పిలిచినందుకు ఎవరి ఇమిగ్రేషన్ ఫైలూ చెడదని అందరికీ అర్థమయ్యే మాటల్లో రాసివ్వాలి.

ఈ ఆదివారం మీరు మీ అమ్మకో మేనత్తకో ఫోన్ చేయాలి. ఏ గదిలో ఎవరిని ఉంచారో పేరుతో సహా అడగాలి. విసుక్కుని పెట్టేస్తే, మళ్ళీ చేయాలి.