పెడలుకు కట్టిన ముడుపు

వనజ ఏడో తరగతితో బడి మానేసింది. ఇంట్లో మిగిలిపోయిన లెక్కల నోటుబుక్కు వెనుక పేజీల్లో జీపు సంగతులు రాసేది. నలుగురిలో నోరు విప్పని పిల్ల. చూసింది మాత్రం మరిచిపోదు.

జీపు కొన్నది తండ్రి పగిడయ్య. బొగ్గుబావి పని మానుకున్నప్పుడు చేతికొచ్చిన డబ్బుతో 2003లో కొత్తది తెచ్చి, టేకులపల్లిలో ఇంటిముందు నిలిపాడు. రెండో నెలలోనే అడవి దిగుడులో బ్రేకు పెడలు నేలదాకా పోయింది. గేరు తగ్గించి, ఎట్లాగో మట్టిగట్టుకు ఆనించి ఆపాడు. పావుగంట ఆగి తొక్కితే పెడలు గట్టిగా, ఏమీ ఎరగనట్టు ఉంది. అట్లా మూడుసార్లు అయింది. ఖమ్మం షోరూముకు తీసుకుపోయినప్పుడల్లా బ్రేకు బాగానే పడేది.

మూడోసారి బతికి బయటపడ్డాక తల్లి ముత్తక్క కొండదేవతకు మొక్కి, పసుపు బియ్యం ముడుపు కట్టి కూతురికిచ్చింది.

"మీ నాయిన కాలు పెట్టే కాడనే కట్టు బిడ్డా. బాధ యాడున్నదో దేవతకు తెల్వాలె గద."

వనజ పెడలు కడ్డీకి దాన్ని మూడు ముళ్లు వేసి కట్టింది. ఆ తర్వాత కూడా నాలుగుసార్లు పెడలు దిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ముత్తక్క అది ముడుపు మహిమ అనుకుంది. వనజ తేదీ, చోటు రాసుకుంది.

ఆ నోటుబుక్కు పట్టుకుని తండ్రీకూతుళ్లు మళ్లీ ఖమ్మం వెళ్లారు. షోరూము మేనేజరు వంగి చూసి, ముడుపును వేలితో ఆడించాడు.

"ఏం పెద్దమనిషీ, బ్రేకు దేవతకు అప్పజెప్పి మా కాడికెందుకొచ్చినవ్?"

మెకానిక్కులు నవ్వారు.

"కట్టకముందే మూడుమాట్ల పోయింది సారూ. మా పిల్ల రాసింది, సూడుండ్రి," అన్నాడు పగిడయ్య.

"నోటుబుక్కుతోని బండి నడుస్తదా? అది విప్పేయుండ్రి, అంతా సక్కగైతది. ఈడ సంతకం పెట్టు."

పగిడయ్యకు చదువు రాదు. ఇంగ్లీషు కాగితం కింద వనజ తెలుగులో తన పేరు రాసింది. ఏం రాసి ఉందో అడగాలనుకుంది. అంతమంది మగవాళ్ల మధ్య అడగలేకపోయింది. ముడుపు విప్పి నోటుబుక్కు మధ్యలో పెట్టుకుంది.

తొమ్మిదో రోజు పొద్దున జీపులో ఇద్దరే ఉన్నారు. అదే దిగుడు. వనజ చూపు తండ్రి పాదం మీదే ఉంది. గుడ్డ లేదు, ముడి లేదు. ఉత్త పెడలు నేలకంటుకుంది. పగిడయ్య మళ్లీ తొక్కాడు, మళ్లీ తొక్కాడు.

"గట్టిగ పట్టుకో బిడ్డా," అని స్టీరింగు తన పక్కకు తిప్పేశాడు. టేకుచెట్టు అతనివైపే తగిలింది.

కంపెనీకి రిజిస్టరు ఉత్తరం పంపితే రెండు నెలలకు జవాబొచ్చింది. బడి పంతులమ్మ రోజారాణి చదివి చెప్పింది. పెడలుకు బండివాళ్లే గుడ్డ కట్టారట. ఆ సంగతి ఒప్పుకుంటూ సంతకం కూడా చేశారట. కంపెనీకి ఏ సంబంధమూ లేదట. ఉత్తరానికి జతచేసిన కాగితం మీద వనజ పేరు, గుండ్రటి అక్షరాల్లో.

"విప్పకుంటే బతికేటోడు," అంది ముత్తక్క, కూతురి మొహం చూడకుండా.

కట్టడమే తప్పంది కంపెనీ, విప్పడమే తప్పంది తల్లి. రెండూ చేసిన చేతులు వనజవే. ఇప్పటికీ బస్సు ఆ దిగుడుకు రాగానే ఆమె కుడికాలు నేలను నొక్కుతుంది. పక్కవాళ్లు చూస్తారని చీరకుచ్చిళ్లతో పాదం కప్పుకుంటుంది.

నోటుబుక్కులో ఎనిమిదోసారి కింద ఒక్క మాటే ఉంది: "ఈసారి ముడుపు లేదు." దాని కింద ఆమె సంతకం పెట్టింది. ఏం రాసి ఉందో తెలిసి పెట్టిన సంతకం.