పెళ్ళి టేపుకు పలక నలుపు

భిలాయి కొత్త రాష్ట్రంలోకి చేరిన రోజుల్లో, అక్కడ తెలుగువాళ్ళుండే క్యాంప్ 2 బస్తీలో మా ఆయన పెళ్ళిళ్ళకు వీడియో తీసేవారు. టేపు మీద పేర్లు వేసే పని నాది. ఒక వీసీఆర్‌ నుంచి బొమ్మ టైట్లింగ్ మిషన్‌లోకి వెళ్ళాలి, అక్కడ అక్షరాలు కలుపుకుని రెండో వీసీఆర్‌లో రికార్డు కావాలి. నేనే వైర్లు తారుమారు చేసేసి, మిషన్ పాడైందని మా ఆయన మీద అరిచిన రోజులు చాలానే ఉన్నాయి. ఆయన వైరు మార్చి టీకి వెళ్ళిపోయేవారు.

ఓ మధ్యాహ్నం పక్క వీధి పెళ్ళికూతురి నాయనమ్మ టేపు చూడటానికి వచ్చింది. టీవీలో హిందీలో మెరుస్తున్న పేర్లు చూసి మొహం ముడుచుకుంది.

“ఏటే పిల్లా, నా మనవరాలి పేరు నాకు తెలీని అచ్చరాల్లో రాసీసినావు? రేపు అది అత్తోరింటికి ఎలిపోద్ది. ఈ టేపు ఏసుకుని దాని పేరు నాను సదూకోవాల.”

“మిషన్‌లో తెలుగు లేదు మామ్మా. హిందీ, ఇంగ్లీషే.”

“నువ్వు తెలుగుదానివే కదా, నువ్వు రాయి.”

నాకు ఒళ్ళు మండింది. హిందీ బడిలో చదివినదాన్ని, తెలుగులో నా పేరు కూడా రాయలేను. అది చెప్పుకోలేక “నువ్వే రాసుకో” అనేశాను విసురుగా.

మర్నాడు పొద్దున్నే పలక పట్టుకుని వచ్చింది, నిజంగానే రాసుకుని! నా నోటిదురుసుకు నేనే నొచ్చుకున్నాను. కెమెరాను పలక మీదికి తిప్పి, దాని వైరు టైట్లింగ్ మిషన్‌కు కలిపాను. ఆ మిషన్ నలుపును తీసేసి తెలుపును మాత్రం పెళ్ళి బొమ్మ మీద ఉంచుతుంది. కానీ పాత పలక వెలిసిపోయి తెల్లబారి ఉంది. పెళ్ళికూతురి మొహమంతా బూడిద పూసినట్టు మరకలు. దీపం జరిపాను, మీటలన్నీ తిప్పాను, లాభం లేదు. ఇక నావల్ల కాదన్నాను.

“నీకు నలుపే కదా కావాల?” అంది మామ్మ. మా కంచె మీది దొండాకులు కోసింది, కుంపట్లో బొగ్గు తీసింది, రెండూ కలిపి పలకకు రుద్ది ఎండలో పెట్టింది. “మా వూరి బడిలో ఇలాగే సేసీవోళ్ళం.”

ఆరేసరికి పలక నిగనిగలాడింది. ముందు ‘శ్రీరస్తు’ రాసి, కింద పేర్లు రాసింది. ఈసారి మరకల్లేవు. పెళ్ళికూతురి పూలదండ కింద తెల్లటి గుండ్రటి అక్షరాలు నిలబడ్డాయి. టీవీ అద్దం మీద వేలు పెట్టి మామ్మ ఒక్కో అక్షరం పైకి చదివింది. రెండోసారీ చదివింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఆమె వెళ్ళడానికి లేచింది. అప్పుడు అడిగాను, “మామ్మా, నా పేరు ఎలా రాస్తారు?”

నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. “కూకో” అని బలపం నా వేళ్ళ మధ్య పెట్టి, ముప్పై ఏళ్ళదాన్నైన నా చెయ్యి పట్టుకుని నా పేరు దిద్దించింది.