ఏడు రేకుల లేసు పువ్వులు

2023 జూన్ 18, ఆదివారం, ఉదయం పదిన్నర గంటలకు కొవ్వూరులోని మా అద్దె వాటాలో ముందుగది గోడను అలంకరించే పని ప్రారంభించాను. మరుసటి ఆదివారం మా ఆఫీసువారు నలుగురు భోజనానికి రానున్నారు. మా కుటుంబంలో డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగంలో చేరిన మొదటి వ్యక్తిని నేనే కావడం వల్ల, వారి ముందు గోడ బోసిగా ఉండటం నాకు మర్యాదగా తోచలేదు.

సామగ్రి అంతా ఇంట్లోదే. ఫ్యాను వచ్చిన అట్టపెట్టెను కోసి, పేరంటాల్లో పెట్టిన జాకెట్టు ముక్కల్లోంచి ముదురు నీలం రంగుదాన్ని ఏరి, అట్టకు బిగించి కుట్టాను. దాని మీదికి తెల్లని లేసు పువ్వులు. కిందటి నెల నర్సాపురం దగ్గర మా ఊరికి వెళ్లినప్పుడు, అమ్మ పెట్టె అడుగున ఒక బిస్కెట్ల డబ్బా నిండా అవి కనిపించాయి. మిగిలిపోయినవే కదా అనుకొని చెప్పకుండా తెచ్చుకున్నాను. గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, పన్నెండింటిని రెండు వరసలుగా కుట్టి, కిటికీ పక్కన వేలాడదీశాను. బాగుందని నాకు నేనే రెండు మూడు సార్లు చెప్పుకున్నాను.

వంటకు సాయంగా అమ్మ శనివారం మధ్యాహ్నం వచ్చింది. చేతిసంచి కింద పెట్టకుండానే గోడ దగ్గరికి నడిచింది.

"ఇవెక్కడివే?"

"నీ డబ్బాలోవేనమ్మా. బాగున్నాయి కదా?"

"బాగుంటే నా డబ్బాలో ఎందుకుంటాయి? ఏజెంటుగారు వద్దని తిప్పి పంపినవి. తీరిగ్గా విప్పుదామని దాచాను. రేకులు లెక్కపెట్టు."

ఎనిమిది ఉండవలసిన చోట ఏడున్నాయి. మరొకదానికి తొమ్మిది.

"ఇంత చదివావు, ఎనిమిది దాకా లెక్క రాదా?"

చదువు పాడవుతుందని నాకు లేసు సూది పట్టుకోవడం నేర్పనిది ఆవిడే.

అమ్మ ముప్పై ఏళ్లుగా లేసు అల్లుతోంది. ఏజెంటు దారం ఇస్తారు. మా వీధి ఆడవాళ్లు పువ్వులు మాత్రమే అల్లి ఇస్తారు. వాటిని కలిపి బల్లగుడ్డగా చేసేది ఎక్కడో మరొకరు. కొత్తగా నేర్చినవాళ్లు పువ్వును ముందు అమ్మకు చూపించి, ఆవిడ సరేనన్నాకే ఏజెంటుకు ఇస్తారు. ఆ మంచిపేరంటే అమ్మకు ప్రాణం.

"తీసేస్తానమ్మా" అన్నాను. అయితే ఒక చిక్కుంది. భోజనానికి మా ఇంటి ఓనరుగారిని కూడా పిలిచాను. ఆవిడది పాలకొల్లు వైపు, చిన్నతనమంతా లేసు అల్లినవారు. గురువారం గుమ్మంలోంచి చూసి, ఆదివారం కళ్లజోడు పెట్టుకుని తీరిగ్గా చూస్తానని చెప్పి వెళ్లారు.

"అయితే దొరికిపోయాం" అంది అమ్మ. సాయంత్రానికి నాలుగు కొత్త పువ్వులు అల్లింది. పాతవాటి పక్కన అవి మరీ తెల్లగా మెరిసి, చూపును తిన్నగా తప్పుల మీదికే లాగాయి. వాటిని పక్కన పెట్టేసింది.

ఆదివారం ఆఫీసువారు పులిహోరను మెచ్చుకుంటూ ఉండగా ఓనరుగారు కళ్లజోడుతో గోడ దగ్గర నిలబడ్డారు.

"వదినగారూ, దీనికి ఏడే రేకులండి."

అమ్మ గరిటె ఆగింది. నేను పప్పు గిన్నె వైపు చూశాను.

"కింద వరసలో ఆరు రేకులది కూడా ఉందండి" అంది అమ్మ. "అది మా అమ్మాయి టెన్త్ పరీక్షలప్పటిది. సెంటరు గేటు బయట కూర్చుని అల్లాను. లోపల అదేం రాస్తోందోనని ధ్యాసంతా అటే."

"మరి ఈ తొమ్మిది రేకులది?"

"రిజల్ట్సు వచ్చిన రోజుదండి."

ఓనరుగారు కళ్లజోడు తీసి పైట చెంగుతో తుడుచుకున్నారు. "నావీ ఉన్నాయండి, తిప్పి పంపినవి. అటక మీద మూటగట్టి పెట్టాను. మా కోడలికి కూడా చూపించలేదు."

"తీసుకురండి, చూద్దాం" అంది అమ్మ. ఆఫీసువారికి పెరుగు వడ్డించవలసింది నేనేనని అప్పుడు అర్థమైంది.

ఆ తరువాత అమ్మ తిరిగొచ్చిన పువ్వులను విప్పడం మానేసింది. వీధిలో మిగతావాళ్లవి కూడా అడిగి తీసుకుంటోంది. ముప్పై ఏళ్లలో మొదటిసారిగా పువ్వులను తానే ఒకదానికొకటి కలిపి, తన ఇంటి గోడకు పెట్టుకుంది.